బారు తలుపులు మూశాక

వూళ్ళో గుడి కడుతున్నారంటే చందా అడుగుతారు. బడి పెడుతున్నారంటే స్థలం అడుగుతారు. ఆడపిల్లలు డాన్సు చేసే బారు పెడుతున్నారంటే మాత్రం ఎవరూ అడక్కుండానే వూరు వూరంతా అభిప్రాయం చెబుతుంది. వద్దనేవాళ్ళు పట్టపగలు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి చెబుతారు. కావాలనేవాళ్ళు నోరు మెదపరు, చీకటి పడ్డాక నేరుగా అక్కడికే వెళతారు. ఈ ఇద్దరి మధ్యా మూడో మనిషి ఒకతె వుంటుంది. ఆ డాన్సు చేసే పిల్ల. ఆమెను పిలిచి "నీ సంగతేమిటమ్మా?" అని అడిగినవాళ్ళు బహు తక్కువ.

మహారాష్ట్రలో ఇరవై ఏళ్ళ కిందట జరిగిన పెద్ద గొడవ చూడండి. అది మొదలైంది బొంబాయి మహానగరంలో కాదు, పక్కనున్న పన్వేల్ అనే పట్నంలో. రాయగఢ్ జిల్లాలోది. పూనా వెళ్ళే దారీ, గోవా వెళ్ళే దారీ అక్కడే విడిపోతాయి. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు వరిపొలాలు, ఉప్పుమళ్ళు. 1970లో సిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. నవీ ముంబయి అనే కొత్త నగరం కట్టడానికి పల్లెల భూములు తీసుకోవడం మొదలుపెట్టింది. పొలం పోయి చేతికి డబ్బొచ్చింది. పొలముంటే మగవాడు తెల్లారగట్ల లేచి బయల్దేరాలి. డబ్బుంటే సాయంత్రం బయల్దేరితే చాలు. హైవే పక్కన రంగుదీపాల బార్లు వెలిశాయి.

ఈ డాన్సు బార్లు దొంగచాటు వ్యవహారమనుకునేరు. కానేకాదు. మందు అమ్మడానికి ఒక లైసెన్సు, ఆటపాటలకి 1960 నాటి వినోద ప్రదర్శనల నిబంధనల కింద ఇంకో లైసెన్సు. ఇచ్చేది సర్కారే, రుసుము పుచ్చుకునేదీ సర్కారే. 1980లలో, 90లలో ఇవి బాగా పెరిగాయి. లోపల హిందీ సినిమా పాటలు పెడతారు. పిల్లలు ఘాగ్రాలు, చీరలు కట్టుకుని ఆ పాటలకి డాన్సు చేస్తారు. చూసేవాడు నోట్లు విసురుతాడు. చాలాచోట్ల ఆ పిల్లలకి జీతమంటూ వుండేది కాదు. రాత్రి ఆట ముగిశాక కింద పడ్డ నోట్లు ఏరి లెక్కపెట్టి, యజమానితో పంచుకోవడమే.

అలా విసిరిన నోటు ఎక్కడిది? చాలాసార్లు ఒక ఇంటి బియ్యం డబ్బు, పిల్లల బడి ఫీజు డబ్బు. ఆ ఇంట్లో ఒక ఆడది అన్నం వండి, తలుపు తీసి పెట్టి కూర్చుని వుంటుంది. అలాంటి ఇల్లాళ్ళే ముందుగా నోరు విప్పారు. వాళ్ళ గోడు పన్వేల్ శాసనసభ్యుడు, శేత్కరీ కామగార్ పక్షానికి చెందిన వివేక్ పాటిల్ గారి ద్వారా శాసనసభకెక్కింది. 2005 మార్చి 30న అప్పటి ఉపముఖ్యమంత్రి, హోం మంత్రి ఆర్.ఆర్. పాటిల్ గారు బార్లలో డాన్సులు నిలిపేస్తామని ప్రకటించారు. మొదట బొంబాయి వెలుపలే అన్నారు. కొద్దిరోజులకే బొంబాయికీ అదే మాట అన్నారు. జులైలో బిల్లు రెండు సభల్లోనూ ఏకగ్రీవంగా గట్టెక్కింది. ఆగస్టులో చట్టం అమలుకొచ్చింది. మన శాసనసభల్లో ఏకగ్రీవమంటే ఎంత అపురూపమో మీకు తెలుసు. ఆడవాళ్ళ నడవడి గురించయితే ఆ అపురూపం ఎంతో తేలిగ్గా దొరుకుతుంది!

ఆ పన్వేల్ ఇల్లాళ్ళ కోపం అబద్ధం కాదు. "నీతులు మాట్లాడే ఆడవాళ్ళు" అని వాళ్ళని ఎవరైనా వెక్కిరిస్తే నేను ఒప్పుకోను. కానీ వాళ్ళు పెట్టుకున్న మొరకీ, చేతికొచ్చిన చట్టానికీ ఎంత పొంతన వుందో చూడండి.

ఆ చట్టంలో రెండు కీలకమైన సెక్షన్లు. 33ఎ ప్రకారం హోటళ్ళలో, పర్మిట్ రూముల్లో, బీరు బార్లలో ఏ రకమైన డాన్సూ వుండకూడదు. వుంటే నడిపినవాళ్ళకి మూడేళ్ళ వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా. దాని పక్కనే 33బి. మూడు నక్షత్రాల హోటళ్ళకీ, అంతకన్నా పెద్దవాటికీ, సభ్యులు మాత్రమే వెళ్ళే జింఖానా క్లబ్బులకీ ఈ నిషేధం వర్తించదు. అంటే అదే పాట, అదే ఆట, పాలరాతి గచ్చు మీదయితే సంస్కృతి, సిమెంటు గచ్చు మీదయితే అశ్లీలం! ఇంక బియ్యం డబ్బు తీసుకెళ్ళి విసిరొచ్చిన పెద్దమనిషి మాటేమిటంటారా? ఆయన గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆయన పొరుగూరి దారి చూసుకోవచ్చు, సారా కొట్టుకి వెళ్ళొచ్చు, పేకాటలో కూర్చోవచ్చు. ఇల్లాలు తలుపు తీసుకుని కూర్చోవడం మామూలే.

మా పక్కింటి పిన్నిగారికి ఈ కథంతా చెబితే ఆవిడ నన్ను సూటిగా నిలదీశారు. "అదంతా సరేనే అమ్మాయ్, రేపు మన వీధి చివర అలాంటిదే పెడితే నువ్వు వూరుకుంటావా?"

"వూరుకోను పిన్నిగారూ" అన్నాను.

నిజంగానే వూరుకోను. అర్ధరాత్రి గోల, తాగినవాళ్ళ కార్లు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల వెంట పడే చూపులు ఎవరు భరిస్తారు? ఎక్కడ పెట్టాలి, ఎన్ని గంటలకి మూయాలి అని అడిగే హక్కు వూరికుంది. కానీ ఇక్కడ పెట్టొద్దనడం వేరు, ఆ పని చేసేవాళ్ళు అసలు ఎక్కడా బతకొద్దనడం వేరు.

"అయితే ఆ పిల్లలు ఏమైపోయారే?" అన్నారు పిన్నిగారు. శాసనసభలో ఏకగ్రీవంగా చేతులెత్తిన పెద్దలు ముందే వేసుకోవలసిన ప్రశ్న అది.

అప్పట్లో రాష్ట్రంలో లైసెన్సున్న బార్లు 345 అని, వాటి మీద బతికే ఆడవాళ్ళు 75,000 మంది దాకా వుంటారని కోర్టులో లెక్కలు వచ్చాయి. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. బేడియా, నట్, కంజర్ వంటి, తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా వున్న కులాల పిల్లలు వాళ్ళలో ఎందరో. రాజులు పోయారు, జమీందార్లు పోయారు, ఆట చూసేవాళ్ళు బార్లకి చేరారు, ఆడేవాళ్ళూ అక్కడికే చేరారు. ఇంటికి డబ్బు పంపేది ఆ పిల్లే. తమ్ముడి చదువు, తల్లి మందులు, చెల్లెలి పెళ్ళి, అన్నీ ఆ నోట్లలోంచే.

2001లో "చాందినీ బార్" అనే సినిమా వచ్చింది. అల్లర్లలో అయినవాళ్ళని పోగొట్టుకుని బొంబాయి చేరి, బారులో డాన్సు చేయవలసి వచ్చిన అమ్మాయి కథ. మన హైదరాబాదులో పుట్టిన టబు అందులో నటించి జాతీయ ఉత్తమ నటి అనిపించుకుంది. తెర మీద ఆ అమ్మాయిని చూసి దేశంలోని మధ్యతరగతి కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళు తిరక్కుండానే అలాంటి అమ్మాయిలే ఆజాద్ మైదానంలో, గుర్తుపడతారని ఓణీలతో మొహాలు కప్పుకుని, మా పొట్ట కొట్టొద్దని నినాదాలు చేస్తే కళ్ళు తుడుచుకున్నవాళ్ళు పెద్దగా కనబడలేదు.

అయితే వాళ్ళ తరఫున నిలబడ్డవాళ్ళు కొందరున్నారు. వర్షా కాళే గారు బారు గర్ల్స్ సంఘానికి నాయకత్వం వహించారు. న్యాయవాది ఫ్లావియా ఆగ్నెస్ గారు కోర్టులో వాళ్ళ మాట వినిపించారు. మహిళా సంఘాలే రెండుగా చీలిపోయాయి. అది ఆడవాళ్ళని అంగడి సరుకు చేయడమేనని కొందరు, పని తీసేస్తే అంతకన్నా పెద్ద అంగట్లో పడతారని కొందరు. ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం వారి పరిశోధన విభాగం మరో మహిళా సంఘంతో కలిసి 500 మంది డాన్సర్లని కలుసుకుని, వాళ్ళ బతుకులేమిటో అడిగి రాసింది. అడగడమంటే అలా అడగాలి.

2006 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. సర్కారు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2013 జులై 16న సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటనే సమర్థించింది. పెద్ద హోటలుకొక న్యాయం, చిన్న బారుకొక న్యాయం కుదరదంది. నిషేధం వల్ల ఎందరో ఆడవాళ్ళు గతిలేక వొళ్ళమ్ముకోవలసి వచ్చిందని, రోగం కన్నా మందే ఎక్కువ చెరుపు చేసిందని చెప్పింది. ఆ లోపల ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. డాన్సు చేసే వృత్తిలో ఎనిమిదేళ్ళంటే దాదాపు జీవితమంతా. ఎనిమిదేళ్ళు వాయిదా వేసినా న్యాయం న్యాయమే కావచ్చు, పాతికేళ్ళ పిల్ల మాత్రం ముప్పై మూడేళ్ళదైపోతుంది.

2014లో సర్కారు మళ్ళీ నిషేధించింది. 2015లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. 2016లో ఇంకో చట్టం వచ్చింది. గుడికీ బడికీ కిలోమీటరు దూరంలో వుండాలని, లోపల కెమెరాలు పెట్టాలని నిబంధనలు పెట్టారు. బొంబాయిలో గుడికీ బడికీ కిలోమీటరు దూరమంటే ఇంక మిగిలేది సముద్రమే! 2019 జనవరి 17న కోర్టు అవన్నీ తీసేసింది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండున్నర దాకా అన్న వేళలు వుంచింది. బహుమతిగా డబ్బు ఇవ్వొచ్చుగానీ మనిషి మీద నోట్లు విసరకూడదన్న నియమాన్నీ వుంచింది. ఇన్నేళ్ళ రభసలో నాకు బాగా నచ్చిన మాట అదొక్కటే. ఇచ్చేదేదో మర్యాదగా చేతికివ్వమన్నారు.

ఇదంతా ఎక్కడో మరాఠీ దేశపు గొడవ అనుకోకండి. మన ఇళ్ళలోనే ఇంతకు ముందొకసారి జరిగింది. పెళ్ళిళ్ళలో మేళం పెట్టించడం గొప్పగా వుండే కాలంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు దాని మీద కత్తి కట్టారు. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికీ, గవర్నరుకీ అర్జీ పెట్టుకున్నారు, తమరు ఈ నాట్యాలకి హాజరు కావద్దని. అందులో మాకు తప్పేమీ కనబడలేదు పొమ్మన్నారు దొరలు. కళావంతుల ఇంట పుట్టిన యామినీ పూర్ణతిలకం గారు ఆ ఆచారం పోవాలని పోరాడారు. అదే వృత్తి నుంచి వచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు మా విద్యనీ, మా బతుకునీ తుడిచిపెట్టొద్దని ఎదురు నిలిచారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. 1947లో మద్రాసులో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. 1956లో మన ఆంధ్రలో దాన్ని సవరించి మేళాలనూ నిషేధించారు. ఎన్నో ఆడపిల్లల బతుకులు ఆ చెర నుంచి బయటపడ్డాయి, కాదనను. కానీ పదాలకి అభినయం పట్టగల విద్వాంసురాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నారు. తరవాత నటరాజ రామకృష్ణ గారు ఆ వృద్ధులను వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకుని, ఆ విద్యకి ఆంధ్రనాట్యమని పేరు పెట్టి వేదిక ఎక్కించారు. విద్యకి గౌరవం తిరిగొచ్చింది. ఆ గౌరవం చూడకుండానే కన్నుమూసిన ఆడవాళ్ళ సంగతి ఎవరు చెబుతారు?

అప్పుడైనా ఇప్పుడైనా మనం ఇంట్లో ఆడదాన్నీ, ఆటాడే ఆడదాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరు మంచివాళ్ళో తేల్చమంటాం. నిజానికి వాళ్ళిద్దరూ చూసేది ఒకే నోటు కోసం. ఇక్కడొక ఇంట్లో ఆ నోటు రాక పొయ్యి వెలగదు, అక్కడొక వూళ్ళో ఆ నోటు వస్తేనే పొయ్యి వెలుగుతుంది. నోటు జేబులో పెట్టుకు తిరిగేవాడు వేరే వున్నాడు. అతనికి ఇద్దరూ లెక్కలేదు.

కనక రేపెప్పుడైనా మన వూళ్ళో ఇలాంటి గొడవ వస్తే, అర్జీ మీద మనమూ సంతకం పెడదాం. పెట్టేముందు దాని కింద రెండు వాక్యాలు చేర్చమందాం. ఇంటి డబ్బు ఇంటికి చేరేలా ఏం చేస్తారు? బారు మూసిన మర్నాడు పొద్దున ఆ పిల్ల ఎక్కడికెళ్ళాలి? ఆ రెండింటికీ జవాబు రాసి తెస్తే మనం చేతులెత్తినా అందం. లేకపోతే మన ఏకగ్రీవం ఇంకొకరి మెడ మీదే పడుతుంది.