అన్నవాహిక ఇసినోఫిలిక్ వాపు

అన్నవాహిక లోపలి పొరలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేరి, ఏళ్ల తరబడి వాపు కలిగించే అలర్జీ వ్యాధి. డాక్టర్లు పొట్టిగా ఈఓఈ అంటారు. ఆరోగ్యవంతుల పేగుల్లో ఈ కణాలు మామూలే గానీ అన్నవాహికలో దాదాపు ఉండవు. 1993లో స్టీఫెన్ ఆట్‌వుడ్ బృందం, 1994లో స్విట్జర్లాండ్‌కు చెందిన అలెక్స్ స్ట్రామన్ బృందం దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించాయి. మూలం తిండిలోనే ఉందని తేల్చింది 1995 నాటి అమెరికా పరిశోధన: పదిమంది పిల్లలకు మామూలు ఆహారం మాన్పించి అమైనో ఆమ్లాల ఫార్ములా పట్టిస్తే బాధలు తగ్గాయి, పాత తిండి మళ్లీ పెట్టగానే తిరగబెట్టాయి.

పసిపిల్లలు పాలు, అన్నం వద్దని మొరాయిస్తారు, కక్కుతారు, బరువు పెరగరు. కాస్త పెద్దపిల్లలు కడుపునొప్పి అంటారు. పెద్దల్లో ముద్ద దిగదు. దావత్‌లో మటన్ ముక్క ఛాతీ దగ్గర ఇరుక్కుని, ఎండోస్కోపీతో తీయించుకున్నాకే జబ్బు బయటపడేవాళ్లూ ఉన్నారు. అందరి తర్వాత తినడం ముగించడం, ముద్దముద్దకూ నీళ్లు తాగడం, మాంసాన్ని సన్నగా తుంచుకోవడం ఏళ్లనాటి అలవాట్లయిపోయి ఉంటాయి. రోగి వాటిని బాధగా చెప్పుకోడు, డాక్టరే అడగాలి. మగవారిలో, ఉబ్బసం లేదా ఇతర అలర్జీలు ఉన్నవారిలో ఎక్కువ.

జగిత్యాల జిల్లా కొడిమ్యాల, కోరుట్లల్లో గానీ పక్కనున్న సిరిసిల్లలో గానీ ‘ఇస్నోఫీలియా’ ఇంటింటా తెలిసిన మాటే. అది రక్తపరీక్షలోని లెక్క. దమ్ము, నులిపురుగులు, ఫైలేరియా వంటి వాటితో పెరుగుతుంది. రక్తంలో అది పెరిగినంత మాత్రాన అన్నవాహిక జబ్బు ఉన్నట్టు కాదు, మామూలుగా ఉంటే లేనట్టూ కాదు. రెండో చిక్కు, దీన్ని ‘గ్యాస్’ అనుకోవడం. గుండెల్లో మంటకు మందుల షాపులో కొన్న గోళీలతో కొందరికి నిజంగానే నయంగా ఉంటుంది, పరీక్ష వాయిదా పడుతుంది.

ఎండోస్కోపీలో ఉంగరాల్లాంటి ముడతలు, నిలువు గాడులు, తెల్లమచ్చలు కనిపించవచ్చు. పైకి అంతా బాగున్నట్టే ఉన్నా బయాప్సీ తీయాల్సిందే. వేర్వేరు ఎత్తుల్లో కనీసం ఆరు ముక్కలు తీసి, మైక్రోస్కోపు పెద్ద కటకం కింద ఒక్క వీక్షణంలో 15 లేదా అంతకు మించి ఇసినోఫిల్స్ ఉంటే, వేరే కారణాలు లేవని తేలాక, ఈఓఈగా నిర్ధారిస్తారు. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. ఎండోస్కోపీ ఎక్కడ చేయించుకున్నా బయాప్సీ తీశారా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

చికిత్స మూడు దారుల్లో మొదలవుతుంది. ఒకటి ఆమ్లం తగ్గించే మందులు. రెండోది స్టెరాయిడ్: ఫ్లూటికాసోన్ పఫ్‌ను పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగాలి, ఆపై అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. నోట్లో తెల్లపూత రావచ్చు. మూడోది పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీలూ గింజలూ, చేపలూ రొయ్యల్లో కారణమైనది కనిపెట్టి మానేయడం; ఈమధ్య పాలతోనో, పాలూ గోధుమలతోనో మొదలుపెడుతున్నారు. అన్నం, జొన్నరొట్టె, మక్క గటక తినే ఇంట్లో గోధుమ మానడం తేలికే. చాయ్, పెరుగు, చల్ల మానడమే కష్టం. సర్వపిండిలో పల్లీలుంటాయి, బేకరీ సరుకులో పాలపొడి ఉంటుంది. ఎదిగే పిల్లలకు డైటీషియన్ సలహా లేకుండా ఇవన్నీ ఒకేసారి ఆపకూడదు.

వీటికి లొంగనివారికి డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఉంది. దాన్ని అమెరికా 2022 మేలో 12 ఏళ్లు దాటినవారికి, 2024 జనవరిలో ఏడాది దాటి కనీసం 15 కిలోల బరువున్న పిల్లలకు ఆమోదించింది. ఖరీదైన మందు. నాళం సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. దారి తెరుచుకుంటుంది గానీ వాపు తగ్గదు, కాబట్టి మందో పథ్యమో ఆ తర్వాతా కొనసాగాలి. 2013లో వెలువడిన స్విట్జర్లాండ్ అధ్యయనంలో, లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు రోగం తేలినవారిలో దాదాపు 17 శాతానికి, ఇరవై ఏళ్లు దాటాక తేలినవారిలో దాదాపు 71 శాతానికి నాళం సన్నబడి ఉంది.