మసాదా మీద తెల్లవారింది



పరిశుద్ధ దేశ యాత్రలో ఒక రాత్రి యూదయ అరణ్యంలో, మసాదా కొండ కింద బస చేశాం. ఇంకా చీకటి ఉండగానే లేచి పాము బాట పట్టాం. మోకాళ్ల నొప్పులున్న తల్లులను యౌవనస్థులు చెయ్యి పట్టుకుని ఎక్కించారు. పైకి చేరేసరికి మృతసముద్రం అవతల, మోయాబు కొండల మీద సూర్యుడు ఉదయించాడు.

ఈ కోటను బలపరచినవాడు హేరోదు రాజు. వాన అరుదైన ఆ కొండను తొలిపించి, తొట్లలో వరద నీరు నిలవ చేయించాడు. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేమును నాశనం చేశాక, కొందరు యూదులు ఇక్కడ నిలిచి పోరాడారు. రోమా సైన్యం పడమటి వైపు కట్ట పోసి గోడ దాకా వచ్చింది. లోపలివారు లొంగిపోలేదు. భార్యాబిడ్డలను, ఆపై ఒకరినొకరు చంపుకొని 960 మంది మరణించారనీ, ఇద్దరు స్త్రీలు, ఐదుగురు పిల్లలే మిగిలారనీ చరిత్రకారుడు జోసెఫస్ వ్రాశాడు. కొట్లలో ఆహారం ఇంకా ఉందట!

1963-65 తవ్వకాల్లో అక్కడి సమాజమందిరపు నేల కింద యెహెజ్కేలు గ్రంథపు ముక్కలు దొరికాయి. ఎండిన యెముకలు జీవించిన 37వ అధ్యాయం వాటిలో ఉంది. ఆ గది దగ్గర మాకెవరికీ మాట రాలేదు.

వారిని తీర్పు తీర్చడానికి మేము కొండ ఎక్కలేదు. ఇంటి నిండా గింజలున్నా బ్రతకాలని అనిపించని రాత్రులు మన మధ్య కూడా ఉన్నాయి. అట్టి రాత్రి వస్తే ఒంటరిగా ఉండకండి. ఏ వేళైనా మా తలుపు తట్టండి. తెల్లవారే దాకా మీతో కూర్చుంటాం.