పొలం లేనోళ్లకి కోత పండుగ ఎందుకు?



పోయిన శుక్రవారం ఆరాధన అయ్యాక కోత పండుగ ఏర్పాట్లు మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఒక మాట అడిగారు. "మనకి ఇక్కడ పొలమా పుట్రా? కోత ఏది, వేలం పాట దేనికి? కానుక ఎంతో చెప్తే తలా ఇంత వేసేస్తాం గదా, గంట మిగుల్తది" అని. అందరం నవ్వేశాం. కానీ బస్సెక్కాక ఆ మాట మమ్మల్ని వదల్లేదు. తప్పు మాటేం కాదు. వారానికి ఒక్క సెలవు. అందులోనే బట్టలు ఉతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, ఇంటికి ఫోన్ చెయ్యాలి. మనకి గంటంటే మాటలా? అందుకే మా రూమ్‌లో పాతోళ్లం కూర్చుని, పెద్దోళ్లు చెప్పగా విన్నదీ, చదివిందీ, ఇక్కడ చూసిందీ కలిపి రాస్తున్నాం. పొడుగుంటది. డ్యూటీ అయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు ఒంగోలు సంగతి చెప్పుకోవాలి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. మన పల్లెల్లో దాన్నే ధాత కరువు అన్నారు. జనం ఆకులు అలములు తిని బతికిన రోజులు. కరువు పని కింద సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినోళ్లకి పలుగూ పారా ఇచ్చి కూలి కట్టించాడు. కాలువ గట్టునే గుడిసెలు. ఆయన కింద పనిచేసే తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి లెక్క చూసుకోవడం, చీకటి పడ్డాక కూలోళ్ల పక్కన కూర్చుని మాట్లాడుకోవడం. ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్లు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కరువు ఉన్నన్నాళ్లూ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కూలి పనులు అయిపోయి, ఇక పంచడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారంట. మనల్ని "బియ్యం క్రైస్తవులు" అని ఎవరైనా ఎగతాళి చేస్తే ఈ లెక్క చెప్పండి చాలు.

అంటే ఒంగోలు వైపు మన సంఘాలు పెరిగింది కూలి క్యాంపులో. మెదక్ అన్నలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్ల గుడి కూడా కరువు కూలీతో లేచిందే. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించాడు. ఊరికే దానం చెయ్యకుండా పని ఇచ్చి అన్నం పెట్టాడు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. 175 అడుగుల గోపురం. మొన్న 2024లో నూరేళ్లు నిండాయి. ఆరోజు బుధవారం, మనందరికీ డ్యూటీ. మధ్యాహ్నం అన్నం గంటలో మెదక్ తమ్ముడొకడు సెల్లులో ఆ జనాన్ని చూపిస్తూ "మా తాత తాత దీనికి రాళ్లు మోసిండు" అన్నాడు. మేము అప్పుడు కూర్చున్నది కూడా రాళ్ల కుప్ప మీదే.

ఇక కోత పండుగ. దీన్ని అంత పెద్దగా చేయించినాయన డోర్నకల్ బిషప్ అజరయ్య. పుట్టింది తమిళనాడు తిరునల్వేలి వైపు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చాడు. తెలుగు నేర్చుకుని మనోళ్లలో కలిసిపోయాడు. ఒకరకంగా ఆయనా వలస పోయినోడే. 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. మన పాటలు, మన భజన, మన ఊరేగింపులతోనే ఆరాధన జరగాలన్నాడు. 1939లో ప్రతిష్ఠ చేసిన ఆయన గుడిని చూస్తే గుమ్మటాలు మసీదులా, స్తంభాలు కోవెలలా ఉంటాయి. కోత పండక్కి పల్లెల నుంచి జనం వడ్లు, కోళ్లు, కూరగాయలు పట్టుకుని జాతరకి కదిలినట్టు కదిలేవాళ్లు. ఆ వచ్చేవాళ్లలో సొంత పొలం ఉన్నోళ్లు ఎందరు? చాలామంది పరాయి పొలంలో కోతకి పోయిన కూలోళ్లే. తమకి కూలిగా వచ్చిన గింజల్లో ఇంత తెచ్చి పెట్టారు. కుర్రాళ్ల ప్రశ్నకి ముక్కాలు జవాబు ఇక్కడే దొరికింది మాకు.

మా ఇళ్లల్లో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉండేది. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం గుడికి పట్టుకెళ్లేది. ఇంట్లో సరిపోని రోజు కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. చిన్నప్పుడు దానిమీద మాకు కోపం కూడా వచ్చేది.

సరే, ఖతర్ సంగతికొద్దాం. మనమేదో కొత్తగా ఈ ఇసుకలోకి ప్రార్థన తెచ్చామనుకోకండి. ఏడో శతాబ్దంలో ఈ తీరాన్ని సిరియక్ భాషలో బేత్ ఖత్రాయే అనేవాళ్లు. ఇక్కడ క్రైస్తవ సంఘాలు, బిషప్పులు ఉండేవాళ్లు. ఈ ప్రాంతంలో పుట్టిన ఇసాకు అనే సన్యాసిని నీనెవెకి బిషప్‌గా చేస్తే, అయిదు నెలలకే వదిలేసి ఏకాంతానికి పోయాడు. ఆయన రాసినవి ఇప్పటికీ చదువుతారు. తర్వాత ఆ సంఘాలు కనుమరుగయ్యాయి. మళ్లీ ఇక్కడ గుడి లేచింది మన కాలంలోనే. అమీర్ షేక్ హమద్ దోహా శివార్లలోని మెసైమీర్‌లో స్థలం ఇచ్చారు. 2008 మార్చిలో కాథలిక్కుల రోజరీ మాత గుడి తెరిచారు. ప్రతిష్ఠ చేసిన కార్డినల్ ఐవన్ డయస్ మన బొంబాయి ఆయనే. తర్వాత ఆంగ్లికన్ల గుడీ, మిగతావీ వచ్చాయి. అంతకుముందు వచ్చిన పాతోళ్లు ఇళ్లల్లో, గదుల్లో తలుపేసుకుని గొంతు తగ్గించి పాడుకున్నవాళ్లే.

మెసైమీర్ గుళ్ల మీద బయటికి సిలువ కనపడదు. గంట మోగదు. ఊళ్లో మైకు పెట్టి నాలుగు వీధులకి వినిపించిన మనకి మొదట్లో అది వెలితిగానే ఉండింది. ఇప్పుడు అలవాటైంది. నిజం చెప్పాలంటే, మైకు లేకపోతేనే పాట బాగుంటుందని మాలో కొందరి అభిప్రాయం. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన చేతి తాళంతో పాడితే ఉండే అందం కీబోర్డు గోలలో ఎక్కడిది?

ఆదివారం డ్యూటీ కాబట్టి శుక్రవారమే మనకి ఆదివారం. క్రిస్మస్‌కి సెలవుండదు. అందుకే దగ్గర్లో వచ్చే శుక్రవారం చేసుకుంటాం. సెమీ క్రిస్మస్ అనేది మన తెలుగోళ్ల అలవాటు కదా, ఇక్కడ ప్రతి క్రిస్మసూ సెమీ క్రిస్మసే! ఒక్క శుభ శుక్రవారం మాత్రం ప్రపంచమంతా మన సెలవు రోజుకే వస్తుంది. ఏడు మాటల ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా పూర్తిగా కూర్చుంటాం. 2023లో, 2024లో ఆ రోజు రంజాన్ నెలలోనే వచ్చింది. ఉపవాసముండి బయటికొచ్చాక మంచినీళ్లు కూడా దారిలో తాగలేదు. రూమ్‌లోని బంగ్లాదేశ్ అన్నలతో పాటే సాయంత్రం ఖర్జూరం తిని ఉపవాసం విడిచాం.

ఊళ్లో లూథరన్ గుడి వేరు, బాప్టిస్టు గుడి వేరు, సి.ఎస్.ఐ. వేరు, పెంతెకోస్తు వేరు. ఇక్కడ అందరం ఒకే చాప మీద. ప్రేమ విందుకి ఒకటే బిర్యానీ డేగిశా. అలాగని అంతా కలిసిపోయామని చెప్పం. ఏ పేట, ఏ పల్లె అని అడిగే నోళ్లు ఇక్కడా ఉన్నాయి. పెళ్లి సంబంధాల మాట వచ్చేసరికి చాప మధ్యలో గీత కనపడుతుంది. గుండ్లకమ్మలో దిగిన రోజున వదిలేయాల్సిన సంగతి అది.

ఇంక వేలం. మన వేలంలో గుమ్మడికాయలు, పుంజులు ఉండవు. ఎవరో సెలవు నుంచి వస్తూ తెచ్చిన ఆవకాయ సీసా, పూతరేకుల డబ్బా, సకినాలు, క్యాంపు వెనకాల డబ్బాల్లో పెంచిన పుదీన, కొత్తిమీర. ఒకడు పాడుకుని మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు, అది ఇంకొకడు పాడతాడు. అలా ఒక గోంగూర సీసా ఐదు చేతులు మారింది. ఫోన్‌లో వేస్తే ఎవరెంత ఇచ్చారో తెలుస్తుంది, ఎవరు ఇవ్వలేకపోయారో కూడా తెలుస్తుంది. వేలంలో జీతం అందనోడు కూడా కొత్తిమీర కట్ట తెచ్చి పెట్టి తలెత్తుకుని నిలబడగలడు.

2020 మార్చి గుర్తుందా? గుళ్లు మూసేశారు. సనయ్యలో ఒకటో వీధి నుంచి 32వ వీధి దాకా దిగ్బంధం. మా వాళ్లు కొందరు లోపల ఇరుక్కున్నారు. కొందరికి జీతం ఆగింది. అప్పుడు తీసింది అంతకుముందు ఏడు వేలంలో వచ్చి పాలపొడి డబ్బాలో దాచిన డబ్బే. బియ్యం, పప్పు, నూనె, ఫోన్ బాలెన్స్. ఎవరికి ఎంత అనేది డబ్బా దగ్గరున్న ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఈ రోజుకీ మేము అడగలేదు. తీసుకున్నోళ్లలో ఈ పోస్టు రాస్తున్న మాలో వాళ్లూ ఉన్నారు.

అందుకని తమ్ముళ్లూ, ఈ ఏడు కూడా వేలం ఉంది. గంట ఎక్కువే పడుతుంది, బస్సు డ్రైవర్‌కి ముందే చెప్పాం. కడప అన్న చెనిగ్గింజల ఉండలు తెస్తానన్నాడు. అమలాపురం అక్క పూతరేకులు వచ్చేవారం ఎవరి చేతో వస్తున్నాయంట. మెదక్ తమ్ముడు డబ్బాలో పెంచిన టమాట చెట్టుకి మూడు కాయలు కాసినయ్. అందులో ఒకటి మేం రూమ్‌లో చారు పెట్టుకున్నాం, తప్పు మాదే. మిగతా రెండూ వేలానికొస్తాయి. పాట పది రియాళ్ల నుంచి మొదలు.