తర్కము నేర్చిన యంత్రము

పర్వతముపై పొగ కనబడినచో అచ్చట నిప్పున్నదని ఊహింతుము. తర్కము చదువుకొన్నవారికి చిరపరిచితమైన ఉదాహరణమిది. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తెలుగువాడగుటచే మనకు మరింత దగ్గరిది కూడ. పొగ యున్నచోట నెల్ల నిప్పుండునను వ్యాప్తిజ్ఞానము ముందుగా గలవానికే ఈ అనుమానము సాధ్యము. అది లేనివానికి పొగ వట్టి పొగయే. యంత్రముచేత తర్కము చేయింపబూనినవారి చరిత్ర ఈ చిక్కు చుట్టునే తిరిగినది.

1956 లో అమెరికాలో ఎలెన్ న్యూయెల్, హెర్బర్ట్ సైమన్, క్లిఫ్ షా అను మువ్వురు ఒక కంప్యూటరుచేత తార్కిక సిద్ధాంతములను నిరూపింపజేసిరి. వైట్‌హెడ్, రస్సెల్ పండితుల 'ప్రిన్సిపియా మాథమాటికా' రెండవ అధ్యాయములోని మొదటి 52 సిద్ధాంతములలో 38 వారి ప్రోగ్రామునకు లొంగినవి. వానిలో నొకదాని నిరూపణము మూలగ్రంథములోని దానికంటె సొగసుగా నుండెను. 1965 లో ఎలన్ రాబిన్సన్ యంత్రమునకు అనువైన ఒకే ఒక అనుమాన సూత్రమును కనుగొనెను. 1930 ల నుండి గణితజ్ఞులకు కొరుకుడు పడని రాబిన్స్ సమస్యను 1996 లో విలియం మెక్యూన్ వ్రాసిన ప్రోగ్రాము ఇంచుమించు ఎనిమిది దినములలో ఛేదించెను.

ఈ విజయములన్నిటికిని ఒక సౌలభ్యము కలదు. గణితములో మూలసూత్రములు కొలది. అవి ముందే వ్రాసియున్నవి. లోకవ్యవహారమట్టిది కాదు. 1958 లో జాన్ మెకార్తీ — మన చిత్తూరు జిల్లాలో జన్మించిన రాజ్ రెడ్డికి తరువాత గురువైనది ఈయనయే — ఒక చిన్న కోరిక కోరెను. ఇంటిలో బల్లముందు కూర్చున్నవాడు విమానాశ్రయమునకు పోవలెను. కారు ఇంటివద్దనే యున్నది. నడచి కారును చేరి, దానిని నడపుకొని పోవలెనని యంత్రము తనంతట తాను తేల్చవలెను. ఇంత స్వల్పవిషయమునకే ఎన్ని సంగతులు వ్రాసి యుంచవలెనో చూడుడు! ఆ సభలోనే బార్-హిల్లెల్ పండితుడు ఘాటుగా ఆక్షేపించెను. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు.

అదే కోరిక 2001 మే నెలలో పెద్దదై తిరిగి వచ్చెను. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ మరి యిద్దరితో కలిసి 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఒక కథ చెప్పెను. తల్లికి అంగవ్యాయామ చికిత్స కావలెను. ఇంటికి 20 మైళ్ళలోపల, ఆమె బీమా చెల్లునట్టి, మంచి పేరుగల వైద్యుని వెదకి, తోబుట్టువులిద్దరి తీరికవేళలకును పొసగునట్లు యంత్రదూత ఏర్పాటు చేయును. కుమారునకు మొదటి ఏర్పాటు నచ్చదు; తిరుగుదారి రద్దీవేళ గదా! దూత మరల వెదకును. దీనికే సెమాంటిక్ వెబ్, అనగా అర్థమెరిగిన వెబ్, అని పేరిడిరి.

2004 లో దానికొక తార్కిక భాష ప్రమాణముగా వెలువడెను. ఆ యేటనే సేవలను వర్ణించు విధానమును ప్రతిపాదించిరి. ప్రతి సేవయు తాను ఏ సమాచారము పుచ్చుకొనునో, ఏమి తిరిగి యిచ్చునో, ముందు ఏ షరతు తీరవలెనో, పని ముగిసినంతట ఏమి మారునో చెప్పవలెను. యుక్తి బాగున్నది. కాని 'రుసుము' అని ఒకరు వ్రాసిన దానిలో పన్ను చేరియుండును, మరియొకరి దానిలో ఉండదు. తమకు లాభము కనబడనిదే ఈ వర్ణనలకై శ్రమపడువారెవరు? అర్థవర్ణన మాట యటుండనిండు. సాదా సేవల నమోదుకై ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, ఎస్.ఎ.పి. సంస్థలు నడపిన బహిరంగ పట్టికయే 2006 లో మూతపడెను.

కథలోని దూత రాలేదు గాని, దాని తర్కము వేరొకచోట నిలద్రొక్కుకొన్నది. భాషకు వ్యక్తీకరణ శక్తి పెరిగినకొలది తర్కించు కాలము మితిమీరునని 1984 లోనే బ్రాక్‌మన్, లెవెక్ చూపియుండిరి. 2005 లో బాడర్, బ్రాంట్, లుట్జ్ అనువారు మితమైన భాష నొకదానిని పట్టుకొని, అందు నిర్ణయము త్వరగా తేలునని నిరూపించిరి. మూడులక్షలకు పైబడిన వైద్యపదముల కోశమైన స్నోమెడ్ ఇట్టి భాషలోనే యున్నది. 2014 లో భారతదేశము దానిలో సభ్యత్వము పొందెను. వైరస్ వలన వచ్చిన న్యుమోనియా అని నమోదైనచో, అది ఊపిరితిత్తుల వ్యాధియనియు, వైరస్ సంక్రమణమనియు యంత్రము ఎవరును చెప్పకయే గ్రహించును. వైద్యుడు తొందరలో 'జ్వరము' అని మాత్రము వ్రాసి ఊరకున్నచో ఊపిరితిత్తుల మాటయే యెత్తదు.