పగడపు దిబ్బలు: లక్షద్వీప్ నేలకు ఆధారం

అరేబియా సముద్రంలో, కొచ్చి నుంచి 220 కిలోమీటర్లు మొదలుకొని 440 కిలోమీటర్ల దూరం వరకు విస్తరించిన లక్షద్వీప్ దేశంలో అతి చిన్న కేంద్రపాలిత ప్రాంతం. మొత్తం 36 దీవులు కలిపినా భూభాగం 32 చదరపు కిలోమీటర్లే. వాటిలో జనావాసం ఉన్నవి 10 మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 64,473 మంది నివసిస్తున్నారు. ఆ దీవులలో కొండలు లేవు, నదులు లేవు. ఇళ్ళు, కొబ్బరి తోటలు, బడులు అన్నీ నిలిచి ఉన్నది పగడపు జీవులు నిర్మించిన సున్నపురాతి మీద, ఆ రాయి అరిగి ఏర్పడిన ఇసుక మీద. అందువల్ల పగడపు దిబ్బల క్షేమం అక్కడ నేల నిలుస్తుందా లేదా అన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.

జంతువు కట్టిన రాయి

పగడం అనగానే నవరత్నాలలోని ఎర్రని పూస గుర్తుకు రావడం సహజం. అయితే ఆభరణాలకు పేరుపొందిన ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో వెలుతురు తక్కువగా ఉండే చోట్ల పెరిగే వేరొక జాతి. అది దిబ్బలను నిర్మించదు. దిబ్బలు కట్టే పగడాలు ఉష్ణమండలంలో లోతు తక్కువగా ఉన్న వెచ్చని, తేటనీటి సముద్రాలలో జీవిస్తాయి.

చూపునకు రాయిలాగా, కొమ్మలు వేసిన మొక్కలాగా కనిపించినా పగడం జంతువే. జెల్లీ చేపలు చేరిన నిడేరియా వర్గానికే ఇదీ చెందుతుంది. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. చాలా జాతులలో దాని పరిమాణం కొన్ని మిల్లీమీటర్లకు మించదు. గొట్టం వంటి మెత్తని దేహం, పైభాగాన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. సముద్రజలం నుంచి కాల్షియాన్ని, కార్బొనేట్‌ను గ్రహించి పాలిప్ తన అడుగున గిన్నె ఆకారంలో గట్టి అస్థిపంజరాన్ని కట్టుకుంటుంది. ఒక పాలిప్ నుంచి మొగ్గ తొడిగినట్లు మరొకటి పుడుతుంది. ఇలా వేలాది పాలిప్‌లు కలిసి ఒక సమూహంగా పెరుగుతాయి. పాత తరం మరణించినా దాని సున్నపు కట్టడం మిగులుతుంది. దానిపైనే కొత్త తరం పెరుగుతుంది.

ఈ నిర్మాణానికి కావలసిన శక్తిలో అధిక భాగం సూర్యరశ్మి నుంచే లభిస్తుంది. పాలిప్ కణజాలంలో జూజాంతెల్లా అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. కిరణజన్య సంయోగక్రియ ద్వారా అవి తయారుచేసే ఆహారంలో ఎక్కువ వంతు పగడానికే చేరుతుంది. పగడానికి అవసరమైన శక్తిలో 90 శాతం దాకా ఈ విధంగానే సమకూరగలదు. ప్రతిఫలంగా శైవలాలకు ఆశ్రయం, పోషక లవణాలు దక్కుతాయి. పగడానికి రంగు రావడానికీ ప్రధాన కారణం ఈ శైవలాలే.

వెలుతురు అవసరం కనుకనే పగడపు దిబ్బలు బురదనీటిలో పెరగవు. గోదావరి, కృష్ణా నదులు మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు కలిసే ఆంధ్ర తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ఇది ముఖ్య కారణం. దేశంలో ప్రధానమైన పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్‌లలో ఉన్నాయి.

మునిగిన పర్వతంపై వలయం

లక్షద్వీప్‌లో అధిక భాగం అటోల్‌లు, అంటే వలయాకారపు పగడపు దిబ్బలు. సముద్రం నడుమ వలయం ఎలా ఏర్పడుతుందో 1842లో ఛార్లెస్ డార్విన్ వివరించాడు. అగ్నిపర్వత ద్వీపం చుట్టూ పగడాలు పెరుగుతాయి. కాలక్రమంలో పర్వతం మెల్లగా సముద్రంలోకి కుంగుతుంది. పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి పర్వతం అదృశ్యమై, దిబ్బ వలయంగా మిగులుతుంది. దాని లోపల నిలిచే లోతు తక్కువ నీటినే లగూన్ అంటారు. 1952లో పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటోక్ అటోల్‌పై జరిపిన తవ్వకంలో 1,200 మీటర్లకు పైగా సున్నపురాయిని దాటిన తరువాత అగ్నిపర్వత శిల బయటపడింది. దానితో డార్విన్ ఊహకు బలమైన ఆధారం లభించింది.

దిబ్బ చేసే పని

ప్రపంచ సముద్రగర్భంలో పగడపు దిబ్బల విస్తీర్ణం 1 శాతం కన్నా తక్కువ. సముద్ర జీవజాతులలో సుమారు నాలుగో వంతు మాత్రం ఏదో ఒక దశలో వాటిపై ఆధారపడతాయి. లక్షద్వీప్ ప్రజల దైనందిన జీవనంలోనూ వాటి పాత్ర అడుగడుగునా కనిపిస్తుంది.

మొదటిది రక్షణ. ఆరోగ్యంగా ఉన్న దిబ్బ అలల శక్తిలో సగటున 97 శాతాన్ని హరిస్తుందని వివిధ దేశాల పరిశీలనలు తెలుపుతున్నాయి. రెండవది ఇసుక. చిలుక చేపలు గట్టి దవడలతో దిబ్బను గీరి శైవలాలను తింటాయి. కడుపులోకి వెళ్ళిన సున్నపురాయి పొడిగా మారి ఇసుకగా బయటకు వస్తుంది. అలలు విరగగొట్టిన పగడపు ముక్కలు కూడా దీనికి తోడై తీరాన్ని నిలుపుతాయి. మూడవది తాగునీరు. దీవి ఇసుకలో ఇంకిన వాననీరు కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. తీరం కోతకు గురైతే ఆ పొర కూడా కుంచించుకుపోతుంది.

నాలుగవది జీవనోపాధి. అక్కడి మత్స్యకారులు గాలపు కర్రలతో టూనా చేపలను ఒక్కొక్కటిగా పడతారు. టూనా బాహ్య సముద్రపు చేప. దాన్ని ఆకర్షించడానికి ఎరగా వేసే చిన్న చేపలు మాత్రం లగూన్లలో, పగడాల నడుమ లభిస్తాయి. ఈ పద్ధతి వల్ల మరొక మేలు కూడా కలిగింది. వేట ప్రధానంగా టూనాపై ఆధారపడినంత కాలం దిబ్బలోని చేపలపై ఒత్తిడి తక్కువగా ఉండేది. శైవలాలను మేసే ఆ చేపలే కొత్త పగడం మొలకెత్తడానికి చోటు శుభ్రం చేస్తాయి.

వేడి మిగిల్చే తెలుపు

సముద్రజలం వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ సెల్సియస్ దాటి కొన్ని వారాలు కొనసాగితే పగడానికీ శైవలానికీ మధ్య సహజీవనం చెడుతుంది. పగడం శైవలాలను బయటకు నెట్టివేస్తుంది. పారదర్శకమైన కణజాలం గుండా తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. దీనినే పగడాలు తెల్లబారడం అంటారు. తెల్లబారిన పగడం వెంటనే మరణించదు. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరుతాయి. వేడి కొనసాగితే అది ఆకలితో మరణిస్తుంది.

లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో ఈ విపత్తు సంభవించింది. వాటి మధ్య విరామం వరుసగా 12, 6, 8 ఏళ్ళు. మరణించిన దిబ్బ పూర్తిగా కోలుకోవడానికి దశాబ్దం, అంతకు మించిన కాలం పట్టవచ్చు. అగత్తి, కడమత్, కవరత్తి దీవుల వద్ద 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడాల ఆచ్ఛాదన 2022 నాటికి 20 శాతం కన్నా తగ్గిందని దీర్ఘకాల పరిశోధనలో తేలింది. అంటే 2024 నాటి వేడికి ముందే దాదాపు సగం తరిగిపోయింది. బంగారం అటోల్‌లోని పరాలి-1 అనే నిర్జన దీవి కోతకు గురై పూర్తిగా కనుమరుగైనట్లు 2017లో వెల్లడైంది.

గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడం వల్ల సముద్రజలం ఆమ్లత పారిశ్రామిక యుగారంభం నుంచి సుమారు 30 శాతం పెరిగింది. దానితో పగడం అస్థిపంజరం కట్టుకోవడం కష్టమవుతోంది. భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే ప్రపంచంలోని పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం వరకు క్షీణిస్తాయని, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా నశిస్తాయని వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2018లో హెచ్చరించింది.

మన్నార్ చెప్పిన పాఠం

దిబ్బ పోతే దీవికి ఏమవుతుందో తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖ ఇప్పటికే చూపించింది. అక్కడ సున్నం కోసం, నిర్మాణాల కోసం దశాబ్దాల పాటు పగడాన్ని తవ్వి తరలించారు. 21 దీవులలో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు నీట మునిగాయి. విచ్చలవిడి పగడపు తవ్వకమే దీనికి ప్రధాన కారణమని నిపుణులు గుర్తించారు. ఆ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటవ షెడ్యూలులో చోటు కల్పించారు. తవ్వకం ఆగింది గాని మునిగిన దీవులు తిరిగి రాలేదు.

సముద్రం వేడెక్కడాన్ని ఏ ఒక్క దీవి పాలనా యంత్రాంగమూ ఆపలేదు. అందుకు ప్రపంచ దేశాలు కర్బన ఉద్గారాలను తగ్గించుకోవలసిందే. అయితే వేడి తరువాత దిబ్బ తేరుకుంటుందా లేదా అన్నది స్థానిక పరిస్థితులపై ఎంతో ఆధారపడి ఉంటుంది. లగూన్‌లోకి మురుగు, పూడిక మట్టి చేరకుండా చూడటం, లంగర్ల వల్ల పగడాలు విరగకుండా జాగ్రత్త వహించడం, శైవలాలను మేసే చేపలను విచ్చలవిడిగా పట్టకపోవడం, టూనా వేటకు ప్రోత్సాహం ఇవ్వడం వంటివి అందుబాటులో ఉన్న చర్యలు. గుండ్రాళ్ళలా పెరిగే పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. అలలు, తుఫానులు తరిగించే వేగం కన్నా ఆ కొద్దిపాటి పెరుగుదల ముందుండేలా చూడటంపైనే లక్షద్వీప్‌లో నివాసయోగ్యమైన నేల మిగలడం ఆధారపడి ఉంది.