తప్పు ఎంతో కోత అంత

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మిత్రులు కోరినప్పుడు నాకు కారేపల్లి జంక్షను గుర్తుకు వచ్చింది. డోర్నకల్ నుంచి వచ్చిన రైలుదారి అక్కడ రెండుగా చీలి, ఒకటి ఇల్లెందుకు, ఒకటి కొత్తగూడేనికి పోయింది. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనుగొన్నారు. 1889లో త్రవ్వకం మొదలైంది. కారేపల్లి కేంద్రంగా ఉన్న మా మండలం పేరు సింగరేణి; ఆ ఊరి పేరే కంపెనీకి వచ్చింది.

బొగ్గు, రైలు, రోడ్డు. మా ప్రాంతానికి బ్రతుకు ఇచ్చినవి ఈ మూడే, ప్రమాదాలు తెచ్చినవీ ఈ మూడే. ప్రమాదం జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడల్లా ఒక మాట వింటూ వచ్చాను: "తప్పు మావాడిదే కదండీ, ఇక ఏ మొహంతో అడుగుతాం?" ఆ ఒక్క మాటతో పరిహారం కాగితమే పెట్టని కుటుంబాలు ఉన్నాయి. ఆ మాట ఒకప్పుడు నిజంగానే చట్టం. ఇప్పుడు కాదు.

1809లో ఇంగ్లండులో ఒక కేసు నడిచింది. డెర్బీ పట్టణంలో ఒకాయన ఇల్లు బాగుచేయించుకుంటూ వీధికి అడ్డంగా వాసం పెట్టాడు. దీపాలు పెట్టే వేళ గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చిన మరొకాయన దానికి తగిలి పడ్డాడు. నెమ్మదిగా వస్తే వాసం కనబడేదే కనుక ఆయనకు ఏమీ రాదని కోర్టు చెప్పింది. అడ్డం పెట్టినవాడి తప్పు లెక్కలోకే రాలేదు. బాధితుడిలో గోరంత లోపం కనబడినా మొత్తం పోయినట్టే. ఈ అన్యాయాన్ని అక్కడ 1945లో చట్టం చేసి సరిదిద్దారు. అప్పటినుంచి ఎవరి తప్పు ఎంతో కోత అంత.

మన దేశంలో పనిచోట ప్రమాదాలకు అంతకంటే ముందే, 1923లో, కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలైంది. అది బ్రిటిషు ఇండియా చట్టం. మనది నిజాం ఏలుబడి కనుక, సంస్థానం విలీనమైన తర్వాతే ఇక్కడికి చేరింది. ఈ చట్టం పరిహారాన్ని యజమాని తప్పుకు ముడిపెట్టలేదు. కార్మికుడి మామూలు అజాగ్రత్త పరిహారానికి అడ్డు కాదు. త్రాగి పనిచేయడం, రక్షణ నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ సాధనాన్ని కావాలని తొలగించడం మాత్రం అడ్డు. అయితే ఆ కార్మికుడు మరణిస్తే ఈ సాకులు కూడా చెల్లవు, ఆధారపడినవారికి పరిహారం ఇవ్వవలసిందే. 1995 సవరణతో శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగినవారికీ ఈ రక్షణ వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ సూత్రాన్నే కొనసాగించింది.

రైలు సంగతి. 1989 రైల్వే చట్టంలో 1994లో చేర్చిన 124-ఎ సెక్షను ప్రకారం, ప్రయాణికుడు రైలు నుంచి జారిపడితే రైల్వే తప్పు ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఎక్కుతూనో దిగుతూనో పడినా ఇది వర్తిస్తుందని, ప్రయాణికుడి అజాగ్రత్తను సాకుగా చూపరాదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మృతుని దగ్గర టిక్కెట్టు దొరకనంత మాత్రాన హక్కు పోదని కూడా అన్నది. ఆత్మహత్య, మత్తు, సొంత నేరం వంటివి మాత్రం మినహాయింపులు.

ఇక రోడ్డు. వాటాల లెక్క ఇక్కడే. ఇంగ్లండు మాదిరి ప్రత్యేక చట్టం దేశమంతటికీ లేకపోయినా, మన కోర్టులు ఆ సూత్రాన్నే పాటిస్తున్నాయి. నష్టం 4 లక్షలని తేలి, గాయపడినవారి తప్పు నాలుగో వంతు అనుకుంటే 3 లక్షలు వస్తాయి. లారీ, ఆటో గుద్దుకొని ఇద్దరు డ్రైవర్లదీ తప్పయితే, ఆటోలో కూర్చున్న ప్రయాణికుడికి కోతే లేదు. మొత్తం సొమ్ము ఇద్దరిలో ఎవరినుంచైనా రాబట్టుకోవచ్చునని 2015లో సుప్రీంకోర్టు తీర్పు. మోటారు సైకిలు మీద ముగ్గురు వెళ్ళడం నేరమే అయినా, ప్రమాదానికి అది కారణమైందని రుజువు కానిదే కోత పెట్టరాదని 2020లో చెప్పింది.

"చేసుకున్నవారికి చేసుకున్నంత" అని మన పెద్దల సామెత. చేసుకున్నంతే గాని, అంతకు మించి కాదు. కాబట్టి సోదర పెన్షనర్లకు నా విన్నపం. మన ఇంట గాని, ఇరుగుపొరుగున గాని ప్రమాదం జరిగితే, దుఃఖంలో "తప్పు మాదే" అని వ్రాసిన కాగితం మీద సంతకం చేయనివ్వకండి. తప్పు ఎవరిది, ఎంత అన్నది తేల్చవలసింది పరామర్శకు వచ్చినవారు కాదు, విచారణ జరిపే అధికారి. ఆలస్యం లేకుండా దరఖాస్తు పెట్టించండి. సర్వీసంతా కాగితాలతోనే గడిపిన మనకు అది పెద్ద పని కాదు.