మిషన్ మీది చిన్న దీపం



పొద్దున్నే పీణ్య, బొమ్మనహళ్ళి, మైసూరు రోడ్డు వైపు గార్మెంట్స్‌కి వెళ్ళే ఆడవాళ్ళను రోజూ చూస్తుంటాం. వాళ్ళ కుట్టుమిషన్ మీద ఒక చిన్న దీపం ఉంటుంది. ఈసారి దాని కథ చెబుతాను.

పనికోసం మనిషి ఒళ్ళు వంచుకోవడం కాదు, మనిషి ఒంటికి తగ్గట్టు పనిని అమర్చాలి అని చెప్పే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. 1857లో పోలండ్ శాస్త్రవేత్త ఒకరు ఈ మాట వాడారు. 1949లో బ్రిటన్‌లో దీనికోసం పరిశోధకుల సంఘం ఏర్పడింది.

మన దగ్గర కథ రోగంతో మొదలైంది. ఎన్నో తెలుగు, తమిళ కుటుంబాలు బతికిన కోలారు బంగారు గనుల్లో 1940-46 మధ్య 7,653 మంది కార్మికులను పరీక్షించారు. రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ 43.7 శాతం మందికి ఉందని తేలింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక తేలిన లెక్క అది. 1977లో ఐసీఎంఆర్ వాళ్ళు బెంగళూరులో వృత్తి ఆరోగ్య పరిశోధన కేంద్రం పెట్టారు.

ఇక దీపం సంగతి. అచ్యుత అధ్వర్యు, నమ్రత కాలా, అనంత్ నైషధం అనే ఆర్థికశాస్త్ర పరిశోధకులు బెంగళూరు చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల లెక్కలు తీశారు. ఏ లైన్‌లో ఏ రోజు ఎంత పని అయింది, ఆ రోజు ఎండ ఎంత అని పక్కపక్కన పెట్టి చూశారు. వేడి పెరిగితే పని తగ్గుతోంది. పాత ఫ్లోరెసెంట్ దీపాలు తీసి, తక్కువ వేడి పుట్టించే ఎల్‌ఈడీలు పెట్టాక ఎండ రోజుల్లో పని మెరుగైంది. కరెంటు ఆదాతో పాటు ఇది కూడా కలిపితే, పెట్టిన డబ్బు తిరిగొచ్చే కాలం ఆరోవంతుకు దిగింది. 2020లో ఈ పరిశోధన అచ్చయింది.

నేను రైల్వేలో గుమస్తాగా లెక్కలు రాసినవాణ్ణి. పుస్తకంలో కాలమ్ లేనిది ఆఫీసు కంటికి కనిపించదు. కరెంటు బిల్లుకు కాలమ్ ఉంది, ఉత్పత్తికి ఉంది, మెడ మీద పడే వేడికి లేదు. ఆ వేడిని వీళ్ళు ఉత్పత్తి కాలమ్‌లో చూపించారు. గొప్ప పనే. కానీ నడుము నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకుని టార్గెట్ పూర్తిచేసే ఆవిడ ఏ కాలమ్‌లో కనిపిస్తుంది?

అక్కడే చట్టం కావాలి. అంగళ్ళలో పనిచేసేవాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టం తెచ్చాయి. కూర్చుంటే అమ్మకం పెరుగుతుందా అని ఆ చట్టాలు అడగలేదు.

మన సంఘంలో అంగళ్ళు, టైలరింగ్ షాపులు నడిపేవాళ్ళు ఉన్నారు. రేపు షట్టర్ ఎత్తాక ఒక్కసారి చూడండి. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి కూర్చోడానికి స్టూల్ ఉందా?